బేగి రండి అని పిలిచిన చిలక

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్న నేను వరండాలో పేపరు చదువుకుంటూ ఉండగా, మా ఎదురు ఫ్లాటుకి అటవీ శాఖ వాళ్ళు ఇద్దరు వచ్చి, ఆ ఇంట్లో ఆరేళ్ళుగా పెరుగుతున్న చిలకని పంజరంతో సహా తీసుకెళ్ళిపోయారు. ఎవరో ఫిర్యాదు చేశారట. చిలకల్ని ఇళ్ళలో ఉంచుకోవడం చట్టరీత్యా నేరమనీ, తీసుకెళ్ళి కొన్నాళ్ళు సాకి, ఎగిరే శక్తి వచ్చాక అడవిలో వదిలేస్తామనీ వచ్చినవాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ ఇంటి ఇల్లాలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది; ఆ పిల్ల పేరు పెట్టి ఆ చిలక ఒకటే పిలుపు. లిఫ్టు తలుపు మూసుకున్నా ఆ పిలుపు ఆగలేదు, ఒక్కో అంతస్తూ దిగుతూ దిగుతూ సన్నబడి పోయింది. నేను లోపలికి వచ్చి కుర్చీలో కూలబడితే, నాకు షుగరు పడిపోయిందేమోనని కంగారుపడి మా ఇల్లాలు చెంచాడు పంచదార తెచ్చి నోట్లో వేసింది. అది కాదని చెప్పలేదు. ముప్పైఎనిమిదేళ్ళ కాపురంలో ఆమెకి నేను చెప్పని సంగతి అదొక్కటే. ఆమె నాకు రెండో భార్య అనీ, మొదటామె కొండల్లో జ్వరంతో పోయిందనీ ఆమెకి తెలుసు. చిలక సంగతి మాత్రం తెలియదు. డెబ్బై దాటిన వాణ్ణి, ఇంకెన్నాళ్ళు మోస్తానని ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా ఉద్యోగరీత్యా మారుమూల చోట్ల కొత్త కాపురాలు పెట్టినవాళ్ళు, అర్థం చేసుకుంటారని ఒక ఆశ.

నాకు రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా ఉద్యోగం వచ్చిన కొత్తలో అరకు వెళ్ళే కొండ లైనులో ఒక చిన్న స్టేషనుకి వేశారు. దాన్ని స్టేషను అనడం కూడా మర్యాదకే. రెండు సొరంగాల మధ్య కొండని చెక్కి చదును చేసిన చోట ఒక గది, రెండు పట్టాల జతలు, వెనక నాలుగు క్వార్టర్లు, అంతే. రోజుకొక్క పాసింజరు పైకి వెళ్ళేది, ఒక్కటి కిందికి దిగేది, మిగతావన్నీ ముడిఇనుము మోసే గూడ్సులే. నిండు బండి కిందికి దిగుతుంటే ఖాళీ బండి పైకి వచ్చేది, ఒకదాన్ని పక్క లైనులో నిలిపి రెండోదాన్ని వదలడమే మా పని. పెళ్ళయిన ఆరు నెలలకి నా మొదటి భార్యని అక్కడికి తీసుకొచ్చాను. మాది, ఆమెది కూడా విజయనగరం అవతల మైదానపు పల్లెలే. వరిచేల మధ్య, పదిమంది చుట్టాల మధ్య పెరిగిన పిల్ల. ఆ కొండల్లో మధ్యాహ్నం రెండింటికే మంచు దిగి ఎదురుగా ఉన్న స్తంభం కూడా కనబడకుండా పోతే, మొదట్లో బిత్తరపోయేది, తరవాత నవ్వేది. ఆమె నవ్వు గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. గట్టిగా మొదలుపెట్టి, తనకే సిగ్గేసి, మధ్యలో నోరు మూసుకుంటే మిగిలిన నవ్వు ముక్కులోంచి వచ్చేది.

రెండేళ్ళలో రెండు కాన్పులు పోయాయి. మొదటిది మూడో నెలలోనే. రెండోది ఏడో నెల నిండాక. మగపిల్లాడు, పుట్టాడు గాని ఏడవలేదు. పుట్టింట్లో రెండు నెలలుండి తిరిగి వచ్చిన మనిషి వేరే మనిషి. వంట చేసేది, వడ్డించేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు. నేనేదైనా అడిగితే తల ఊపేది. నాకు అప్పుడు ఇరవయ్యారేళ్ళు. అలాంటి మనిషిని ఎలా పలకరించాలో, ఎలా ఓదార్చాలో నాకెవరూ నేర్పలేదు, స్టేషనులో కూర్చుని రిజిస్టర్లు రాసుకోవడమే సుఖంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

ఆ మాఘమాసంలో, లైను మీదికి వాలిన ఒక పెద్ద చెట్టుని గ్యాంగు వాళ్ళు కొట్టేశారు. ఆ సాయంత్రం మా కీమేను, అంటే రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసుకునే మనిషి, తలగుడ్డ విప్పి మూటలా పట్టుకుని మా క్వార్టరు దగ్గరికి వచ్చాడు. పక్క కొండ మీద ఊరే అతనిది.

"సెట్టు తొర్రలో మూడున్నాయి బాబూ. రెండు సచ్చిపోనాయి. ఇదొకటే కదుల్తంది. అమ్మకిద్దామని తెచ్చినాను," అన్నాడు.

మూటలోకి వంగి చూశాను. ఒక్క ఈక లేదు. ఎర్రటి చర్మం, మూసుకుపోయిన నల్లటి కనుగుడ్లు, ఒంటికి మించిన ముక్కు, సన్నటి మెడ మీద ఆ తల నిలవక ఊగిపోవడం. బతకదులే, తీసుకుపో అనబోయాను. ఈలోగా ఆమె వంటింట్లోంచి వచ్చి, అతని చేతిలోంచి ఆ మూట అందుకుని, దాన్ని గుండెకి ఆనించుకుని, నా వంక చూసి అంది:

"మీ ఆఫీసులో ఇంకు పోసుకునే ఫిల్లరుంటాది కదా? బేగి కడిగి తెండి. ఆకలికి సచ్చిపోతాది."

పుట్టింటి నుంచి వచ్చాక ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను స్టేషనుకి పరుగెత్తాను. నీలం రంగు పోయేదాకా ఫిల్లరుని కడుగుతూ ఉంటే నా కళ్ళలోంచి నీళ్ళు కారడం చూసి, బండ్లకి పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ ఏమనుకున్నాడో.

చోడిపిండితో, అంటే రాగిపిండితో, అంబలి పల్చగా కాచి, గోరువెచ్చగా ఉందో లేదో మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి, ఫిల్లరుతో చుక్క చుక్కగా పట్టేది. కడుపు నిండితే ఆ పిల్ల మెడ కింద సంచీ ఉబ్బి, పల్చటి చర్మంలోంచి అంబలి కనబడేది. చలికి చచ్చిపోతుందని వేడినీళ్ళ సీసాని పాత చీరముక్కలో చుట్టి బుట్టలో పక్కన పెట్టేది, సీసా చల్లారినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు కాచేది. పదోరోజుకి కళ్ళు తెరిచింది. తరవాత ఒంటినిండా ముళ్ళలాంటి మొలకలు వచ్చి, చూడ్డానికి చిన్న ముళ్ళపందిలా తయారైంది; ఆ మొలకల కొసలు ఒక్కొక్కటీ విచ్చుకుని లేత పచ్చరంగు బయటపడుతుంటే, రోజూ పొద్దున్నే నన్ను లేపి చూపించేది. ఇవాళ రెక్క మీద, ఇవాళ వీపు మీద అంటూ లెక్క చెప్పేది. ఆమెకి మాట తిరిగి వచ్చింది. దానితో మాట్లాడుతూ మాట్లాడుతూ నాతోనూ మాట్లాడ్డం మొదలుపెట్టింది. దాన్ని గుంటడు అని పిలిచేది. మా గుంటడు ఇవాళ తినలేదండీ, మా గుంటడికి మీ చొక్కా గుండీలు కావాలటండీ అని. మా వైపు మగపిల్లాణ్ణి అలాగే అంటారు. ఆ పేరెందుకు పెట్టిందో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

ఇది ఆమె చిలకే అయినా నన్ను కూడా వదల్లేదు. ఎగరడం వచ్చాక దాన్ని పంజరంలో పెట్టడానికి గాని, రెక్కలు కత్తిరించడానికి గాని ఆమె ఒప్పుకోలేదు. పొద్దున్న నేను డ్యూటీకి బయల్దేరితే నా భుజం మీద ఎక్కి స్టేషను దాకా వచ్చేది. బల్ల మీద అటూ ఇటూ తిరిగి, నేను రాసుకుంటున్న పెన్ను ముక్కుతో లాగి, విసుగొస్తే కిటికీలోంచి ఎగిరి ఇంటికి పోయేది. రైలు రిజిస్టరు అంచులన్నీ వరసగా కొరికి పెట్టింది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని ఇదేమిటయ్యా అని అడిగితే, ఎలకలండీ, కొండ ఎలకలు చాలా పెద్దవండీ అని చెప్పాను. ఆయన సరేనని తల ఊపుతుండగా, ఈ మహానుభావుడు కిటికీ చువ్వ మీద వాలి ఆయన్ని తేరిపార చూశాడు. ఆయన కూడా చూశారు. ఎలకకి రెక్కలున్నాయే అని మాత్రం అన్నారు. మంచివారు.

కీమేను తల్లి అప్పుడప్పుడు అల్లమో, కందికాయలో, పనసతొనలో తెచ్చి ఇచ్చేది. ఆ ముసలమ్మకి చిలక ఇంట్లో తిరగడం నచ్చలేదు. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, దాన్ని వదిలెయ్యమని మా ఆవిడతో అనేది:

"సామలు పండే యేళకి మందలొత్తాయమ్మా. అప్పుడు వొగ్గీ. రెక్కలొచ్చినేటికి వొగ్గీయాల. ఏడాది దాటితే మరి వాటిల్లో కలవదు."

"నా గుంటణ్ణి నానెందుకు వొగ్గుతానే ముసిలీ?" అని ఆమె నవ్వేది. ముసలమ్మ నవ్వేది కాదు.

ఆ శీతాకాలం సామచేల మీదికి మందలు నిజంగానే వచ్చాయి. వందలకొద్దీ చిలకలు ఒక్కసారిగా లేచి కొండవాలు మీదుగా తిరుగుతుంటే, మా గుంటడు పెరటి గోడ మీద కూర్చుని మెడ సాగదీసి చూశాడు, ఒకసారి కొంత దూరం ఎగిరి వెళ్ళాడు కూడా. మా ఆవిడ గోడ దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. పోనీ, పిలవకు అని ఒక్క మాట నేను అని ఉంటే పిలిచేది కాదేమో. నేనే పిలిచాను. అది తిరిగి వచ్చి ఆమె భుజం మీద వాలింది. ఆ రోజు మా ఇద్దరికీ అది పండుగ.

మాటలు రెండో ఏడు వచ్చాయి. అందరిళ్ళలో చిలకలకి దేవుడి పేర్లు నేర్పిస్తారు. దీనికి ఎవరూ ఏమీ నేర్పలేదు, విన్నది పట్టుకుంది. మొదట పట్టుకున్నది స్టేషను గంట. పక్క స్టేషను వాళ్ళు బండి వదలడానికి లైను అడిగినప్పుడు మా గదిలో మిషను టింగుమని మోగుతుంది, ఆ మోతకి ప్రాణం లేచి వచ్చినట్టు పరుగెత్తడం మా ఉద్యోగ లక్షణం. ఇది ఇంటి చూరు మీద కూర్చుని అచ్చం అలాగే టింగుమనేది. కంచం ముందు నుంచి ఎన్నిసార్లు చెయ్యి కడుక్కోకుండా లేచి పరుగెత్తానో. తరవాత పట్టుకున్నది ఆమె నవ్వు, ఆ ముక్కుతో వచ్చే ఆఖరి భాగంతో సహా. ఆ తరవాత ఆమె పిలుపు. మా క్వార్టరు పెరట్లో నిలబడి అరిస్తే స్టేషనుకి వినబడుతుంది. అన్నం వేళ దాటిపోతే ఆమె, బేగి రండి, బువ్వ సల్లారిపోతాది అని కేక వేసేది. దానికి బువ్వ సంగతి పట్టలేదు, బేగి రండి అన్నంతవరకే వచ్చింది. ఆమె గొంతే, ఆమె సాగదీతే. వేళ లేదు, పాళ లేదు, తోచినప్పుడల్లా పిలిచేది. మొదట్లో నేను నిజంగా వెళ్ళేవాణ్ణి. ఆమె గుమ్మంలో నిలబడి, నేను పిలవలేదండీ అని పగలబడి నవ్వేది. ఆమె నవ్వితే అదీ నవ్వేది. ఆ ఇద్దరి నవ్వుల మధ్య నిలబడ్డ నాకు, నా జీవితం బాగుపడిందని అనిపించేది. ఆమె మళ్ళీ నెల తప్పింది కూడా ఆ రోజుల్లోనే.

శ్రావణంలో ఆమెకి జ్వరం తగిలింది. ఆ కొండల్లో వానాకాలం జ్వరం లేని ఇల్లు ఉండేది కాదు. చలి, వణుకు, చెమట, మూడో రోజుకి చేదు మాత్రలతో తగ్గిపోవడం మాకు అలవాటే. రెండు రోజులు పడుకుంది. మూడోరోజు పొద్దున్న లేచి, తగ్గిందండీ, మీరు ఎల్లండి, నేను జావ కాసుకుంటాను అంది. నుదురు చూశాను, చల్లగానే ఉంది. ఆ వేళ చిలక నాతో రాలేదు. ఆమె మంచం కోడు మీద కూర్చుండిపోయింది.

పదకొండు గంటల వేళ. పైనించి నిండు గూడ్సు దిగుతోంది, కిందినించి ఖాళీ గూడ్సు ఎక్కుతోంది, రెండూ మా దగ్గరే దాటుకోవాలి. వాన, మంచు. నేను మిషను దగ్గర నిలబడి ఉండగా ఇంటి వైపు నుంచి బేగి రండి అని వినబడింది. కాసేపటికి మళ్ళీ. ఆ తరవాత మళ్ళీ.

పాయింట్స్‌మన్ జెండా చుట్టుకుంటూ నవ్వాడు. "మీ గుంటడు పిలుత్తున్నాడు బాబూ. నేడు ఊపు మీదున్నాడు."

"వాడికేం పని," అన్నాను నేను. నేనూ నవ్వాను.

ఎన్నిసార్లు వినబడిందో చెప్పలేను. లెక్కపెట్టవలసిన సంగతి అని అప్పుడు నాకు తెలియదు. ఐదో, ఆరో. ఆఖరుది చాలా నెమ్మదిగా వినబడిందని ఇప్పుడు అనిపిస్తుంది, కాని అది నిజంగా విన్నదో, ఇన్నేళ్ళుగా తలచుకుని తలచుకుని నేను చేర్చుకున్నదో తేల్చుకోలేను. నిండు బండి వెళ్ళిపోయి, ఖాళీ బండి కూడా కదిలి, పుస్తకంలో రాయవలసింది రాసి, నేను ఇంటికి వెళ్ళేసరికి ఒంటిగంట కావచ్చింది.

ఆమె గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. ఒక చెయ్యి గడప దాటి వాన చుక్కల్లో తడుస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని చూపు లేదు, పళ్ళు బిగుసుకుపోయాయి. చిలక ఆమె తలదగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని, నోరెత్తకుండా.

తరవాతి నిండు గూడ్సుని ఆపించి, గార్డు పెట్టెలో ఆమెని పడుకోబెట్టుకుని బయల్దేరాను. రెండు సొరంగాలు దాటాక బండి ఆగిపోయింది. ముందర కొండచరియ విరిగి పట్టాల మీద పడింది. కబురందుకుని కీమేను, అతని ఊరివాళ్ళు నలుగురు అడ్డదారిన పరుగెత్తి వచ్చి, దుప్పటితో డోలీ కట్టి ఆమెని మోశారు. జారే బురదలో, జలగల్లో, ఒకరి భుజం మార్చి ఒకరు, కొండ దిగువ రోడ్డు దాకా. వాళ్ళలో ఒకతను దారి పొడుగునా, అమ్మా పలుకమ్మా, అమ్మా పలుకమ్మా అంటూనే నడిచాడు. రోడ్డు మీద ఒక జీపు దొరికింది. ఆసుపత్రిలో సూదులు వేశారు, సీసాలు ఎక్కించారు. మర్నాడు ఉదయం పది గంటలకి పోయింది. కడుపులో నాలుగో నెల. జ్వరం మెదడుకి ఎక్కిందని డాక్టరు చెప్పాడు. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. ఆయన నా వంక చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, లేదు, ఏమీ మారేది కాదు అన్నాడు. ఆ చెయ్యి వేయకుండా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణేమో.

పన్నెండో రోజు అయ్యాక ఒక్కణ్ణే తిరిగి వెళ్ళాను. కీమేను తల్లి రోజూ వచ్చి చిలకకి ఇంత పెట్టి పోతూ ఉండేదట. నేను తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే, వంటింటి దూలం మీద నుంచి, ఆమె గొంతుతో, బేగి రండి అంది.

నేను గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను. అది ఎగిరి వచ్చి నా మోకాలి మీద వాలి, నా మొహంలోకి చూసి, మళ్ళీ అంది. నా వెనక, తలుపు దగ్గర, ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ వంచి చూసింది. పాపం, దానికీ ఆమె కావాలి. దానికి తెలిసిన పిలుపు అదొక్కటే, పిలిస్తే ఎవరో ఒకరు వస్తారని మాత్రమే దానికి తెలుసు. ఇంత స్పష్టంగా ఇవాళ నాకు అర్థమవుతోంది. ఆ రోజు అర్థం కాలేదు. అన్నం ముందు కూర్చుంటే పిలిచేది. డ్యూటీలో ఉంటే పెరటి గోడ మీద నుంచి పిలిచేది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఆ వేళ నవ్విన నా నవ్వు నాకు వినబడేది. ఇదే కదా నన్ను మోసం చేసింది, ఇది నేర్చుకోకపోయి ఉంటే మొదటి కేకకే వెళ్ళి ఉండేవాణ్ణి కదా అని దాని మీద కోపం పెంచుకున్నాను. తప్పంతా మోయలేని మనిషి కొంత పక్కవాడి మీదికి నెడతాడు. నాకు పక్కన ఉన్నది అదొక్కటే.

ఏడో రోజో, ఎనిమిదో రోజో, అది ఆమె నవ్వు నవ్వింది. గట్టిగా మొదలై, మధ్యలో ఆగి, ముక్కులోంచి వచ్చే ఆ నవ్వు. నేను లేచి, తువ్వాలుతో కొట్టి దాన్ని బయటికి తరిమాను. తలుపు వేశాను. కిటికీ తలుపులు వేశాను. అది వచ్చి కిటికీ అద్దం మీద ముక్కుతో కొట్టింది. వానలో తడిసి, తల మీద ఈకలు అంటుకుపోయి, అద్దానికి ఆనుకుని నన్ను చూస్తూ, బేగి రండి, బేగి రండి అంది. నేను అటు తిరిగి పడుకున్నాను. మూడు రోజులు అది ఆ కిటికీ చుట్టూ, చూరు చుట్టూ తిరిగింది. మూడు రోజులు నేను తలుపు తీయడానికి, వెయ్యడానికి కూడా దాని కన్ను తప్పించి మసిలాను. నాలుగో రోజు పొద్దున్న వాన వెలిసింది. ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు.

అప్పుడు కిటికీ తీశాను.

పెరడంతా వెతికాను. స్టేషను వెనక, సొరంగం మొగదాకా, కొట్టేసిన చెట్టు మొదలు దాకా వెతికాను. డ్యూటీ దిగగానే కొండెక్కి, సామచేల గట్ల మీద నిలబడి, గుంటడా, బేగి రా, బేగి రా అని అరిచేవాణ్ణి. కొండవాళ్ళు కలుపు తీస్తూ తలెత్తి చూసేవారు, ఎవరూ నవ్వలేదు. పది రోజుల తరవాత కీమేను తల్లి అరుగు మీద కూర్చుని, నేను అడక్కుండానే చెప్పింది:

"ఎతక్కు బాబూ. సేత్తో పెరిగిన పిట్ట. తిండి ఎతుక్కోడం తెల్దు, డేగని సూసి దాక్కోడం తెల్దు. మందలోకెల్తే పొడిసి తరిమేత్తాయి."

"నువ్వే కదా వదిలెయ్యమన్నావు?" అన్నాను, చిన్నపిల్లాడిలా.

"అప్పుడొగ్గీమన్నాను. ఇప్పుడు కాదు," అంది. ఆ తరవాత చుట్ట ఆర్పేసి, చాలాసేపు నా పక్కనే కూర్చుంది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేదని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

రెండు నెలలకి మైదానానికి బదిలీ చేయించుకున్నాను. తరవాతి సంగతులు అందరికీ జరిగేవే. మా అమ్మ పోరు పడలేక మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను, ఒక కూతురు పుట్టింది, ప్రమోషన్లు వచ్చాయి, రిటైరయ్యాను. ఈ ఇల్లాలితో నాకు ఏ కొరతా లేదు. ఆ కొండల మీద ఇప్పుడు ఆ జ్వరాలు చాలా తగ్గాయట, ఊళ్ళకి రోడ్లు పడ్డాయట, కాఫీ తోటల కోసం, బొర్రా గుహల కోసం జనం కార్లలో వెళ్ళి ఫోటోలు తీసుకుంటున్నారు. మంచిదే. మంచిది కాదని అనే హక్కు నాకు లేదు.

కాని ఒక మార్పు మాత్రం నన్ను లోపల కోసేస్తుంది. ఇప్పుడు ఎవరి గొంతూ పోదు. మా కూతురి అత్తగారు పోయి మూడేళ్ళయింది, ఆవిడ పంపిన వాయిస్ మెసేజీలు మా అల్లుడి ఫోనులో పదిలంగా ఉన్నాయి. మందులు వేసుకున్నావా నాన్నా, వంకాయలు మంచివి దొరికాయిరా, అంతే, పెద్ద విషయాలేమీ కాదు. అతను కారు నడుపుకుంటూ ఒక్కోసారి పెట్టుకుని వింటాడు. మా రోజుల్లో మనిషితో పాటు గొంతు కూడా కట్టెల్లోకి వెళ్ళిపోయేది. నాకు ఆమెది పెళ్ళి ఫోటో ఒక్కటి ఉంది. గొంతు లేదు. ఆమె గొంతు ఈ లోకంలో ఒక్కచోట, గుప్పెడంత ఒంట్లో, మిగిలి ఉండింది. దాన్ని మూడు రోజుల వానలో నిలబెట్టి తలుపు వేసుకున్నవాణ్ణి నేను.

అంతకంటె కష్టమైనది ఈ మధ్యనే తెలిసింది. ఎదురింటి చిలకని తీసుకెళ్ళిన ఆ రోజు, కుర్చీలో కూర్చుని ఆమె పిలుపుని గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. బేగి రండి అని వినబడింది. ఎంతో స్పష్టంగా వినబడింది. కాని చిలక పలుకుల్లో కొస కాస్త గరగరమంటుంది, ఆమెకి ఆ గరగర లేదు. నాకు వినబడిన పిలుపులో ఆ గరగర ఉంది. మళ్ళీ ప్రయత్నించాను. రోజూ ప్రయత్నిస్తున్నాను. అదే వస్తోంది. దాని అడుగున ఆమె గొంతు ఎక్కడో ఉండే ఉంటుంది, నాకు అందడం లేదు.